బీడు ఎవరిది? మన దేశపు గడ్డినేలల జంతువుల గురించి ఒక ప్రసంగం

(డిగ్రీ విద్యార్థులకు, చుట్టుపక్కల ఊళ్ల రైతులకు, గొర్రెల కాపరులకు కలిపి చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు చెడకుండా రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ చాపల మీద చోటుంది. కరెంటు పోయినా ఫర్వాలేదు, నా గొంతు చాలు. చివర్లో ఒక్క రెండు నిమిషాలు మాత్రం నాకు స్పీకర్ కావాలి. ఎందుకో అప్పుడు చెబుతాను.

మన దేశంలో పుట్టి, ఇక్కడే బతికే అడవి జంతువుల గురించి మాట్లాడమని అడిగారు. ముప్ఫయ్ ఏళ్లు జంతుశాస్త్రం పాఠాలు చెప్పినవాణ్ని కాబట్టి సంతోషంగా ఒప్పుకున్నాను. తీరా కాగితం ముందు కూర్చుంటే 'అడవి జంతువు' అన్న మాట దగ్గరే ఆగిపోయాను. అడవి అనగానే మన కళ్ల ముందుకు చెట్లు వస్తాయి. దట్టంగా, ఎండ నేలకు దిగనంతగా. పులి ఉంటుంది, ఏనుగు ఉంటుంది, ఏరు పారుతూ ఉంటుంది. మరి కృష్ణజింక ఎక్కడుంటుంది? తోడేలు ఎక్కడుంటుంది? బట్టమేక పిట్ట, అదే గ్రేట్ ఇండియన్ బస్టర్డ్, ఎక్కడ గుడ్డు పెడుతుంది? వీటికి దట్టమైన చెట్లు గిట్టవు. వీటికి కావలసింది బయలు. దూరం కనబడే గడ్డి, అక్కడక్కడ ఒక పొద, చీమల పుట్టలు, రాళ్ల గుట్టలు. మనం బీడు అని పిలిచే నేల.

పులి సంగతి ఇవాళ ఎక్కువ మాట్లాడను. అది అక్కర్లేదని కాదు. 1973లో ప్రాజెక్ట్ టైగర్ తొమ్మిది చోట్ల మొదలైంది. 2006 లెక్కలో 1,411 ఉన్న పులులు 2022 లెక్కకి 3,682కి చేరాయి. గిర్ సింహాలు 2020లో 674 ఉంటే 2025లో 891 అయ్యాయి. కజిరంగాలో ఖడ్గమృగాలు 2022లో 2,613. ఇంత జనం ఉన్న దేశంలో ఇది చిన్న పని కాదు. అటవీ శాఖలో కింది ఉద్యోగుల నుంచి అడవి పక్కన బతికే చెంచుల దాకా ఎందరి కష్టమో అందులో ఉంది. ఆ కథ చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. బీడు మీద బతికేవాటి కథ చెప్పేవాళ్లు తక్కువ. అందుకని నా గంట వాటికే ఇస్తాను.

ముందు ఒక చిన్న పని చేద్దాం. పులిని చూసినవాళ్లు, జూలోనో టీవీలోనో సరే, చేతులెత్తండి. అందరూ ఎత్తారు. తోడేలును బయట చూసినవాళ్లు? చూడండి, ఎత్తిన చేతులన్నీ ఆ మూల కూర్చున్న కాపరులవే. విద్యార్థుల్లో ఒక్క చెయ్యి కూడా లేవలేదు. ఇంకొకటి అడుగుతాను. దుమ్ములగొండి అంటే ఏమిటి? మళ్లీ ఆ మూలే. హైనా అంటే మాత్రం మీ అందరికీ తెలుసు, ఆఫ్రికా వీడియోల్లో చూశారు. దుమ్ములగొండి అంటే హైనాయేనమ్మా. ఒంటి మీద చారలుండే హైనా మన దేశంలోనే, మన గుట్టల్లోనే ఉంది. పాత తెలుగులో దుమ్ము అంటే ఎముక. ఎముకలు కొరికే జంతువు కాబట్టి దుమ్ములగొండి. ఒక్క పేరులో దాని దవడ బలం, తిండి, ఊరి బయట అది చేసే పని, అన్నీ చెప్పేశారు పెద్దలు. చచ్చిన పశువును ఎముకతో సహా నమిలి ఊరికి రోగం రాకుండా చూసేది అది.

ఇలాంటి పేర్లు ఇంకా ఉన్నాయి. రేచుకుక్క అంటే గుంపుగా వేటాడే అడవికుక్క. మొరగడం కన్నా ఈలలాంటి కూతతో తోటివాటిని పిలుచుకుంటుంది. మనుబోతు ఆసియాలోని యాంటిలోప్ రకం జింకల్లో అన్నిటికంటే పెద్దది, హిందీవాళ్లు నీల్‌గాయ్ అంటారు. కొండగొర్రెకు నాలుగు కొమ్ములు. అలాంటి అడవి జంతువు ప్రపంచం మొత్తం మీద భారతదేశంలో, నేపాల్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. అలుగు అంటే ఒంటినిండా పెంకులున్న చీమలతిండి జంతువు. భయపడితే బంతిలా చుట్టుకుంటుంది. పులి వచ్చినా ఆ ఉపాయం పనిచేస్తుంది గానీ, మనిషి వస్తే సంచిలో వేసుకుని పోవడానికి అదే వీలవుతుంది. దాని పెంకుల్లో ఉన్నది మన గోళ్లలో ఉన్న పదార్థమే, మందు గుణం ఏమీ లేదు. అయినా ఆ పెంకుల కోసం దొంగరవాణా ఎంత జోరుగా సాగిందంటే, 2016లో ప్రపంచ దేశాలన్నీ కూర్చుని అలుగు జాతులన్నిటి వ్యాపారాన్ని నిషేధించాల్సి వచ్చింది. దేవాంగ పిల్లి అనే చిన్న ప్రాణి మన చిత్తూరు వైపు చిట్టడవుల్లో ఉంది. అది పిల్లి కాదు, కోతులకు దూరపు చుట్టం. గుండ్రటి పెద్ద కళ్లతో రాత్రిపూట కొమ్మల మీద మెల్లగా నడుస్తూ పురుగుల్ని ఏరుకు తింటుంది. దానికి మంత్రశక్తి ఉందని పట్టుకుని హింసించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ మాట చెప్పడానికే నాకు బాధగా ఉంటుంది. తమిళనాడు 2022లో కడవూరు దగ్గర ప్రత్యేకంగా దీనికోసమే ఒక అభయారణ్యం ప్రకటించింది.

పేరు మరిచిపోతే జంతువును మరిచిపోవడం సులువైపోతుంది. అందుకే మీ పుస్తకాల్లో ఇంగ్లీషు పేరు పక్కన ఇంట్లో అడిగి తెలుగు పేరు రాసుకోండి. మీ జేజిని అడగండి, ఆమెకు తెలిసినన్ని పేర్లు నాకు తెలియవు.

ఇక అసలు సంగతి. బీడు భూమి అనేది చెట్లు నరికేయగా మిగిలిన నేల అని మనలో చాలామందికి ఒక నమ్మకం. చదువుకున్నవాళ్లకే ఈ నమ్మకం ఎక్కువ. ఒకప్పుడు ఇక్కడంతా పెద్ద అడవి ఉండేదని, మనిషి పాడుచేశాడని, మళ్లీ చెట్లు నాటితే బాగుపడుతుందని. కొన్ని చోట్ల అది నిజమే. అన్ని చోట్లా కాదు. వాన తక్కువ పడే దక్కన్ పీఠభూమిలో, రాజస్థాన్, గుజరాత్ మైదానాల్లో గడ్డినేల మనిషి వ్యవసాయం మొదలుపెట్టకముందు నుంచీ గడ్డినేలే.

సాక్ష్యం కావాలా? మన ప్రకాశం జిల్లాలో తవ్వకాల్లో ఒక గూడు బయటపడింది. 2024లో పత్రికల్లో వచ్చింది, మీలో కొందరు చదివే ఉంటారు. అది నిప్పుకోడి గూడు. సుమారు 41,000 ఏళ్ల నాటిది. అవును, నిప్పుకోడి, ఆస్ట్రిచ్. ఇవాళ ఆఫ్రికాలో తప్ప సహజంగా ఎక్కడా లేని ఆ పక్షి ఒకప్పుడు మన నేల మీద పరుగెత్తింది, గుడ్లు పెట్టింది. మహారాష్ట్రలో, మధ్యప్రదేశ్‌లో, రాజస్థాన్‌లో కూడా వాటి గుడ్ల పెంకులు దొరికాయి. నిప్పుకోడి దట్టమైన అడవిలో బతకదు. దానికి పరుగెత్తే బయలు కావాలి. అంటే ఆ బయలు ఇక్కడ ఉండేదన్నమాట. మన గడ్డినేల వయసు అంత.

మరి బంజరు అన్న పేరు ఎలా వచ్చింది? ఆ పేరు జంతువులు పెట్టుకోలేదు, కాపరులు పెట్టలేదు. లెక్కల పుస్తకం పెట్టింది. కంపెనీ దొరలు, ఆ తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం భూమిని శిస్తు కోసం కొలిచారు. నాగలి దిగిన నేల శిస్తు ఇస్తుంది. కలప ఉన్న అడవి డబ్బిస్తుంది. ఈ రెండూ కాని నేలను వేస్ట్ అని రాశారు. ఆ మాట మన రెవెన్యూ రికార్డుల్లోకి బంజరుగా, పోరంబోకుగా దిగింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా పోలేదు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాలతో దేశమంతటి 'వేస్ట్‌ల్యాండ్' పటాలు తయారు చేసింది. ఎంతో పనికొచ్చే సాంకేతిక పని అది, తప్పుపట్టను. కానీ ఆ పటంలో పొదల నేల, గడ్డి నేల చాలా మటుకు వేస్ట్ అన్న రంగులోనే పడ్డాయి. ఒకసారి ఆ రంగు పడ్డాక, ఏ ప్రాజెక్టు కోసమైనా ముందు కళ్లు పడేది అక్కడే. ఫ్యాక్టరీ కావాలా, ఖాళీ భూమి ఉంది. ప్లాట్లు వేయాలా, ఖాళీ భూమి ఉంది. మొక్కలు నాటాలా, ఖాళీ భూమి ఉంది.

ఆ ఖాళీలో ఎవరున్నారో ఇప్పుడు చూద్దాం.

చీతాతో మొదలుపెడతాను, ఎందుకంటే అది ముందే పోయింది. చీతా వేరు, చిరుతపులి వేరు. చిరుతపులికి గుబురు కావాలి, చీతాకు బయలు కావాలి. మన రాజులు చీతాలను పట్టి, మచ్చిక చేసి, కృష్ణజింకల వేటకు తీసుకెళ్లేవాళ్లు. మొగలు దర్బారులో వందల కొద్దీ ఉండేవి. కానీ అక్కడ బోనుల్లో అవి పిల్లలు పెట్టేవి కావు. ఒకే ఒక్కసారి పెట్టినట్టు జహంగీరు చక్రవర్తి తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. అంటే దర్బారులో ఉన్న దాదాపు ప్రతి చీతా బయట నుంచి పట్టుకొచ్చిందే. వందల ఏళ్లు అలా తోడుకుంటూ పోయారు. ఆ మీద తుపాకులు వచ్చాయి, గడ్డినేల దుక్కుల కిందికి పోయింది, తినడానికి జింకలు తగ్గాయి. ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న కొరియా సంస్థానపు రాజు 1947లో ఒకే రాత్రి మూడు చీతాలను కాల్చాడు. దేశంలో రుజువుతో సహా నమోదైన చివరి చీతాలు అవే. 1952లో ఇక లేవని ప్రభుత్వమే ప్రకటించింది. 2022 సెప్టెంబరు 17న నమీబియా నుంచి ఎనిమిది చీతాలను తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనోలో దింపారు. మరుసటి ఏడాది దక్షిణాఫ్రికా నుంచి పన్నెండు వచ్చాయి. అవి ఆఫ్రికా చీతాలు. బాగా బతకాలనే కోరుకుంటాను. అయితే నా మనసులో ఒక ప్రశ్న ఉంది. చీతాను విమానంలో తేగలిగాం. అది పరుగెత్తే గడ్డినేలను ఏ దేశం నుంచి తెస్తాం?

కృష్ణజింక మాటకొస్తే, మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు అది. మగదాని వీపు నలుపు, పొట్ట తెలుపు, మెలికలు తిరిగిన కొమ్ములు. గంటకు 80 కిలోమీటర్ల దాకా పరుగెడుతుంది. అంత వేగం దేనికి? ఇవాళ దాన్ని తరిమే జంతువు ఏదీ అంత వేగంగా పరుగెత్తదు. చీతా నుంచి తప్పించుకోవడానికి లక్షల ఏళ్లుగా సంపాదించుకున్న కాళ్లు అవి. వెంటాడేది పోయింది, పరుగు మిగిలింది. నేను మొదటిసారి కృష్ణజింకల గుంపు గాల్లోకి ఎగురుతూ పరుగెత్తడం చూసినప్పుడు నాకు ఈ సంగతే గుర్తొచ్చి చాలాసేపు మాట రాలేదు.

రాజస్థాన్‌లో బిష్ణోయిలు ఈ జింకను కన్నబిడ్డలా చూస్తారు. 1730లో ఖేజర్లీ గ్రామంలో జమ్మిచెట్లు నరకడానికి రాజు మనుషులు వస్తే, చెట్లను కౌగిలించుకుని 363 మంది ప్రాణాలిచ్చారు. అలాంటి మనుషులున్న చోట కృష్ణజింక ఊరి చేలల్లోనే తిరుగుతుంది.

మన దగ్గర కథ కొంచెం వేరుగా నడిచింది. రోళ్లపాడు, ఇక్కడికి ఎంతో దూరం లేదు. అప్పటి కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. అక్కడ బట్టమేక పిట్ట ఉందని తెలిసి, 1988లో దానికోసమే అభయారణ్యం ప్రకటించారు. విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్లకు కొంచెం పైన, అంతే. ఇంత పక్షికి అది ఏ మూలకు? అయినా మొదట్లో బాగుంది. గడ్డి పెరిగింది, పిట్టలు వచ్చాయి. పిట్టల కోసం కాపాడిన చోట కృష్ణజింకలు కూడా పెరిగాయి, వందల్లోకి చేరాయి. రాత్రిపూట చేలల్లో పడి పైరు తినడం మొదలుపెట్టాయి. చుట్టూ సాగు మారింది. జొన్న, కొర్ర వేసే చోట పత్తి వచ్చింది, పురుగుమందు వచ్చింది. రైతుకు కోపం రాదా? వస్తుంది. రాత్రంతా మంచె మీద కూర్చుని కాపు కాసేవాడి దగ్గరికి వెళ్లి పక్షి గురించి ఉపన్యాసం ఇస్తే ఏం వింటాడు? పైరు నష్టానికి సొమ్ము వేళకు చేతికి రావాలి. అది లేకుండా ఏ జంతువునూ కాపాడలేం. ఇది నా గట్టి అభిప్రాయం, ఎక్కడైనా చెబుతాను. రోళ్లపాడులో ఈ రోజు జింకలున్నాయి, తోడేళ్లు ఉన్నాయి, చలికాలంలో దూరదేశాల నుంచి వచ్చే గద్దలు గడ్డిలో గుంపులుగా రాత్రి నిద్రచేస్తాయి. ఎవరికోసం అభయారణ్యం పెట్టారో ఆ బట్టమేక పిట్ట మాత్రం కంటికి ఆనడం దాదాపు మానేసింది.

ఆ పిట్ట గురించి కొంచెం నిదానంగా చెప్పనివ్వండి. నిలబడితే మీటరు ఎత్తుంటుంది. మగది పదిహేను కిలోల దాకా తూగుతుంది. ఎగరగలిగే పక్షుల్లో ప్రపంచంలోనే అతి బరువైనవాటిలో ఒకటి. జత కోసం మగది మెడ కింద సంచి ఉబ్బించి, తోక ఎత్తి, గంభీరంగా ఒక మూలుగు లాంటి శబ్దం చేస్తుంది. అర కిలోమీటరు దూరం వినబడుతుంది. ఆడది మామూలుగా ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది. గూడు కట్టదు, వట్టి నేల మీద పెడుతుంది. ఆ గుడ్డును ఊరకుక్క తిన్నా, గేదె తొక్కినా, ట్రాక్టరు ఎక్కినా ఆ ఏడాది అంతే. 1969లో వేసిన అంచనా ప్రకారం దేశంలో 1,260 దాకా ఉండేవి. ఇప్పుడు 150 కూడా లేవు. ఉన్నవాటిలో చాలామటుకు రాజస్థాన్‌లోని జైసల్మేర్ వైపే. జాతీయ పక్షిని ఎంచుకునేటప్పుడు దీన్నే ఎంచుకోవాలని పక్షిశాస్త్రవేత్త సలీం అలీ గారు పట్టుబట్టారు. 1963లో నెమలికి ఆ గౌరవం దక్కింది. నెమలి మీద నాకు ఏ కోపమూ లేదు గానీ, ఆ రోజు బట్టమేక పిట్టకు ఆ పీట వేసి ఉంటే మన గడ్డినేలల వైపు దేశం ఇంకో రకంగా చూసేదేమోనని అనిపిస్తుంది.

ఇప్పుడు దాని ప్రాణం మీదికి వచ్చింది కరెంటు తీగ. దాని కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. ఎగిరేటప్పుడు ముందున్నది దానికి సరిగా కనబడదు. దగ్గరికి వచ్చాక తీగ కనబడినా, అంత బరువుతో చటుక్కున పక్కకు తిరగలేదు. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ పిట్ట ఉండే ప్రాంతంలో తీగలు భూమిలో నుంచి వేయాలని చెప్పింది. సోలార్, గాలి మరల విద్యుత్తుకు అది అడ్డమవుతుందని ప్రభుత్వం వాదించింది. 2024 మార్చిలో కోర్టు తన ఆదేశాన్ని సడలించి నిపుణుల కమిటీని వేసింది. చూడండి, ఎంత ఇబ్బందికరమైన పరిస్థితో. బొగ్గు తగ్గాలంటే సోలార్ కావాలి. మన కర్నూలు వైపే గని, శకునాల గ్రామాల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. నేను దాన్ని వద్దనను. ఏ పార్కు ఎక్కడ పెట్టాలన్నది నిర్ణయించే ముందు, ఆ నేల మీద ఎవరు గుడ్డు పెడుతున్నారో ఒక్కసారి అడగండి అంటాను. అంతకన్నా ఎక్కువేమీ అడగడం లేదు. 2019 నుంచి జైసల్మేర్ దగ్గర గుడ్లు సేకరించి, పొదిగించి, పిల్లలను పెంచుతున్నారు. 2024లో కృత్రిమ గర్భధారణతో కూడా ఒక పిల్ల పుట్టింది. ఆ వార్త చదివిన రోజు నాకు పండగే. కానీ పెరిగిన పిల్లల్ని వదలాలంటే నేల ఉండాలి కదా.

తోడేలు గురించి చెప్పేటప్పుడు ఆ మూల కూర్చున్నవాళ్లను చూసి మాట్లాడాలి. గొర్రెపిల్ల పోతే ఎంత నష్టమో నాకు తెలుసు. మా తాత గొర్రెలు కాసినవాడే. మన దేశపు తోడేలు ప్రపంచంలోని తోడేళ్లలో చాలా ప్రాచీనమైన వంశం. హిమాలయాల అవతలి తోడేళ్ల కంటే చిన్నది, పలచటి బొచ్చు, ఎండకు ఓర్చుకునే ఒళ్లు. దేశం మొత్తం మీద దాదాపు మూడు వేలు. పులుల కన్నా తక్కువే ఉండొచ్చు. పులికి జరిగే లెక్కలు దీనికి జరగవు, దీనికోసం బస్సుల్లో పర్యాటకులు రారు. జింకలు తగ్గిన చోట అది గొర్రెల మీద ఆధారపడుతుంది. దక్కన్‌లో కాపరులు చాలామంది ఒక గొర్రెపిల్ల పోతే 'దాని వాటా అది తీసుకుంది' అనుకుని ఊరుకునేవాళ్లు. మా తాత కూడా కర్ర పట్టుకుని తరిమేవాడు గానీ, గుంతలో పిల్లలున్నాయని తెలిసినా ఎప్పుడూ పొగ పెట్టలేదు. పెద్దాయనా, మీరు తల ఊపుతున్నారు, మీ ఇంట్లోనూ అదే మాట ఉండేదేమో. ఇప్పుడు తోడేలుకు మనిషి కన్నా ఊరకుక్కతో పెద్ద ప్రమాదం. కుక్కల నుంచి దానికి రేబిస్, డిస్టెంపర్ అంటుకుంటాయి. పుణె వైపు తోడేలు, కుక్క కలిసి పుట్టిన సంకరజాతి పిల్లలు బయటపడ్డాయి. ఊరి కుక్కలకు టీకాలు వేయించడం తోడేలును కాపాడే పని కూడా అని ఎవరికీ తట్టదు.

ఇంకో సంగతి. గొర్రెల మంద గడ్డినేలకు శత్రువని ఒకప్పుడు అధికారులు అనుకునేవాళ్లు. అతిగా మేస్తే నష్టమే. కానీ మితంగా మేసి కదిలిపోయే మంద వల్ల గడ్డి మరీ ఎత్తు పెరగదు, ఎరువు పడుతుంది, పొదల మధ్య దారులు తెరిచి ఉంటాయి. ఆ దారుల్లోనే ఇప్పుడు నేను చెప్పబోయే పక్షి నడుస్తుంది.

దానికంటే ముందు ఒక చెట్టు గురించి చెప్పాలి. సర్కారు తుమ్మ. పేరులోనే ఉంది ఎవరు తెచ్చారో. అమెరికా ఖండపు ముళ్లచెట్టు. 1870ల చివర్లో దీన్ని మన దేశంలో మొదట నాటిన చోట్లలో మన కడప ప్రాంతం ఒకటి. బంజరుకు పచ్చదనం తేవాలని, వంటచెరకు దొరుకుతుందని మంచి ఉద్దేశంతోనే నాటారు. కాయలు తియ్యగా ఉంటాయి. మేకలు తింటాయి, పెంటికల్లో గింజలు ఊరూరా పడతాయి. పడిన చోటల్లా మొలిచింది. ఈ చెట్టు కింద గడ్డి బతకదు. గుజరాత్‌లో బన్నీ అనే మహా గడ్డిమైదానాన్ని చాలావరకు మింగేసింది. అదే సమయంలో, ఎందరో పేదల పొయ్యి దీని కట్టెతోనే వెలుగుతుంది, బొగ్గులు కాల్చి బతికే కుటుంబాలు ఉన్నాయి. కాబట్టి రేపే పీకెయ్యండి అనలేను. కొత్తగా ఇంకో సర్కారు తుమ్మను మాత్రం నాటకండి. మీ కాలేజీలో ఏటా మొక్కలు నాటే కార్యక్రమం ఉంది కదా. వేపలు, కానుగలు ఊళ్లో నాటండి, రోడ్డు పక్కన నాటండి, బడిలో నాటండి. ఊరి బయట గడ్డితిప్ప మీద జామాయిల్, సుబాబుల్ గుంతలు తవ్వకండి. గడ్డి వేళ్లు భూమి లోపలికి దిగి కర్బనాన్ని అక్కడే దాచిపెడతాయి. ఎండాకాలం పైన నిప్పంటుకున్నా అది లోపలే ఉంటుంది. మీరు నాటిన జామాయిల్ కింద ఏ పిట్టా గుడ్డు పెట్టదు.

ఇక కలివికోడి. దీన్ని చివరికి దాచుకున్నాను. ప్రపంచంలో మరెక్కడా లేని పక్షి. కడప, నెల్లూరు, అనంతపురం వైపు, అటు గోదావరి లోయలో ఒకప్పుడు కనబడింది. ముళ్లకంపల మధ్య తిరుగుతుంది. మూరెడు కూడా ఉండదు, సుమారు 27 సెంటీమీటర్లు. గొంతు దగ్గర ఎర్రమచ్చ, ఛాతీ మీద గోధుమరంగు పట్టీలు, పెద్ద కళ్లు. పగలు పొదల నీడలో కదలకుండా కూర్చుంటుంది. రాత్రి తిరుగుతుంది, చెదపురుగుల్ని తింటుంది. కంపెనీ కొలువులో ఉన్న జెర్డాన్ అనే వైద్యుడి వల్ల 1848లో శాస్త్రానికి తెలిసింది. 1900లో అనంతపురం దగ్గర ఒకరు చూశారు. ఆ తర్వాత లేదు. సలీం అలీ గారి వంటివాళ్లు వెతికారు, దొరకలేదు. పోయిన పక్షుల జాబితాలో వేసేశారు. 85 ఏళ్లు గడిచాయి.

1980లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు మళ్లీ వెతకడం మొదలుపెట్టారు. ఈసారి ఒక తెలివైన పని చేశారు. ఆ పక్షి బొమ్మ ఉన్న కాగితాలు పల్లెల్లో పంచి, ఎవరైనా చూశారా అని అడిగారు. సిద్ధవటం వైపు, పిట్టలు పట్టే అలవాటున్న ఒక మనిషి బొమ్మ చూసి తనకు తెలుసన్నాడు. 1986 జనవరిలో, రాత్రి టార్చిలైటు వెలుతురులో అతనికి ఆ పక్షి దొరికింది. భరత్ భూషణ్ అనే పరిశోధకుడు దాన్ని చూసి అదేనని గుర్తుపట్టాడు. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలకు 85 ఏళ్లు కనబడనిది, ఊరి మనిషికి తెలుసు. అతన్ని అంతకుముందు ఎవరూ అడగలేదు, అంతే.

1988లో కడప వైపు కలివికోడి కోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ దాని నివాసాల గుండా పోబోతుంటే, గొడవపడి, వాదించి, కాలువ దారి మార్చించారు. కరువుసీమలో నీళ్ల కాలువను పక్షి కోసం పక్కకు జరపడం ఎంత పెద్ద సంగతో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ తర్వాత పరిశోధకులు పొదల మధ్య సన్నటి మట్టిపట్టీలు పరిచి, పొద్దున్నే వాటి మీద అడుగుజాడలు వెతికారు. కెమెరాలు పెట్టారు. అలా తేలిందేమిటంటే, ఈ పక్షికి హెక్టారుకు 300 నుంచి 700 దాకా పెద్ద పొదలుండే నేల ఇష్టం. పొదలు అంతకంటే చిక్కనైతే నడవలేదు, పలచనైతే దాక్కోలేదు. కట్టెల కోసం పొదలన్నీ కొట్టేసినా పోతుంది, మేకలు రావడం మానేసి కంప మూసుకుపోయినా పోతుంది. మన రెవెన్యూ పుస్తకంలో ఆ నేలకు ఏం పేరుంటుందో మీకిప్పుడు తెలుసు.

నేను దాన్ని కంటితో చూడలేదు. మూడు చలికాలాలు ఆ కంపల్లో సాయంత్రాలు కూర్చున్నాను. పొద్దు గూకాక ముప్పావు గంటకు, వెలుతురు పూర్తిగా పోయే వేళకు అది కూస్తుందని చెబుతారు. కొన్ని నిమిషాలే కూస్తుంది. ఆ వేళకు చెవులు రిక్కించి కూర్చోవడం నాకు ఒక అలవాటైపోయింది.

ఇప్పుడు స్పీకర్ పెట్టండి. పరిశోధకులు రికార్డు చేసిన కూత ఇది. రెండక్షరాల కూత, మొదటిది పైకి, రెండోది కిందికి, వెంటవెంటనే వస్తుంది. కాపరులు జాగ్రత్తగా వినండి. విద్యార్థులు ఫోన్లలో రికార్డు చేసుకుని ఇంటికి తీసుకెళ్లి మీ తాతలకు వినిపించండి. ఎప్పుడైనా, ఎక్కడైనా, రాత్రి మంద దగ్గర పడుకున్నప్పుడు ఈ కూత విన్నట్టు ఎవరికైనా గుర్తుంటే, మీటింగు అయ్యాక నా దగ్గరికి రండి. ఏ ఊరు, ఏ గుట్ట పక్కన, ఏ నెలలో, అంతా రాసుకుంటాను. ఫ్యాన్లు ఆపండి. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడకండి.